బాబుగారి కుడి భుజం

13 జూన్ 1994, సోమవారం

రెండో సెట్లోనే పట్టేసింది. కుడి భుజం. రాడ్ ఛాతీ మీంచి పైకి లేస్తోంది, సగంలో లోపలెక్కడో తాడు ముడి బిగిసినట్టు... అంతే, ఆగిపోయింది. ఎత్తలేను, దించలేను. పైకప్పు రేకుల కేసి చూస్తూ పడుకున్నా.

యాదగిరి పరిగెత్తుకొచ్చి రాడ్ అందుకున్నాడు. జిమ్ వాడిది. ఎవడు ఏం దాచినా వాడి కళ్లకి దొరికిపోతాడు.

"ఏందన్నా, మొఖం గట్ల పెట్టినవ్?"

"చెయ్యి జారింది."

"చెయ్యి జారితే మొఖం గిట్ల అయితదా?"

నవ్వేసి లేచా. నవ్వడానికి భుజం అక్కర్లేదు, అదొక్కటే నయం.

బయట రాళ్ల మీద అప్పుడే ఎండ మండిపోతోంది. ఫిల్మ్ నగర్ దిగువకి చెయ్యి వేలాడేసుకుని నడిచొచ్చా. చూస్తే చూశారు, నా మొహం ఎవడికి తెలుసు? వెనక్కి తిరిగితే గుర్తుపడతారేమో. ఎనిమిదేళ్లుగా తెర మీద బాబుగారి వీపు నాదే. ఆయన దూకినా, పడినా, గుర్రమెక్కినా, అద్దాలు బద్దలుకొట్టుకుని బయటికొచ్చినా... మొహం ఆయనది, వీపు సూరిబాబుది. డూప్ బతుకు.

నాలుగు రోజులాగితే అదే పోతుంది.

15 జూన్

పోలేదు.

తలంటుకుందామని కూర్చున్నా. చెంబు చెవి దాకా వచ్చి ఆగిపోయింది. మా ఆవిడ భారతి వచ్చి చెంబు లాక్కుని కుంకుడు రసం పోసింది.

"ఎప్పట్నించి ఇలా?"

"మొన్నట్నించే."

"అబద్ధం. ఆవకాయ జాడీ అటక మీద పెట్టమంటే స్టూలెక్కారు. మీరెప్పుడైనా స్టూలెక్కడం నేను చూశానా?"

ఈవిడకి అన్నీ గుర్తే. కళ్లు మండుతున్నాయని సాకు చెప్పి లేచిపోయా.

17 జూన్

కొత్త సినిమా ముహూర్తం. స్టూడియో నిండా కార్లు, పూలదండలు, కొబ్బరికాయలు. బాబుగారు పట్టుపంచెలో మెరిసిపోతున్నారు. దర్శకుడు కొత్తవాడు, చిన్నవాడు, కళ్లజోడు. మాట్లాడే ముందు కాసేపు ఆలోచిస్తున్నాడు. మా వాళ్లకి అది వింతగా ఉంది.

ప్రసాదం తింటుంటే ఫైట్ మాస్టర్ పక్కకి పిలిచాడు.

"ఇంటర్వెల్ ఫైట్ చెప్తా విను. బాబు ఒకణ్ణి రెండు చేతుల్తో తల పైకెత్తుతాడు. ఎత్తి పట్టుకుని నడిచి, విసిరేస్తాడు. వెనకనుంచి షాట్, మధ్యలో కట్ లేదు. ఆగస్టులో తీస్తాం. ఈలోపు ఒళ్లు బాగా పెంచు."

"అలాగే మాస్టారూ."

"చేస్తావుగా?"

"ఎందుకు చెయ్యను?"

ఈ నోటికి ఎంత తొందరో. తల మీదకి చెంబు లేవడం లేదు, మనిషిని లేపుతానట!

చెయ్యలేనంటే? కిషోర్ ఉన్నాడు. యాదగిరి జిమ్‌లోనే చేస్తాడు. బాబుగారి ఎత్తే, బాబుగారి రంగే. నాకన్నా పదిహేనేళ్లు చిన్న. ఒక్కసారి వాడి వీపు తెరకెక్కిందా, నా సంగతి అయిపోయినట్టే. మొహం మారితే జనం గోల చేస్తారు. వీపు మారితే ఎవడు అడుగుతాడు?

20 జూన్

వేడి ఆముదం. ఇసుక మూటతో కాపడం. తలగడ లేకుండా పడుకోవడం. రెండు తలగడలతో పడుకోవడం. ఇల్లంతా బామ్ వాసన. అమ్మాయి ముక్కు మూసుకుని అన్నం తింటోంది.

జిమ్‌కి మాత్రం వెళ్తున్నా. మానేస్తే యాదగిరి అడుగుతాడు, యాదగిరి అడిగితే కిషోర్ వింటాడు.

23 జూన్

దాచినా ప్రయోజనం లేకపోయింది. "నా స్కూటర్ ఎక్కు, మాట్లాడకు" అని యాదగిరి టోలిచౌకి తీసుకెళ్లాడు. అక్కడో పహిల్వాన్, కీళ్లు సరిచేస్తాడట. నా చెయ్యి పట్టుకుని "జర ఢీలా ఛోడో" అన్నాడు. వదిలానో లేదో వెనక్కి మెలిపెట్టాడు. నా అరుపుకి పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లు లేచి వచ్చారు. తెర మీద ఎన్ని తన్నులు తిన్నా ఇలా అరవలేదు. అరిచినా డబ్బింగ్ వేరేవాళ్లు చెప్పేవాళ్లు.

తిరిగొస్తుంటే యాదగిరి, "ఫరక్ ఉన్నదా అన్నా?"

"ఉందిరా. ఇందాక ఎత్తినప్పుడే నొప్పి. ఇప్పుడు దించినా నొప్పి."

పాపం. వాడు నా మంచికే చేశాడు, నేనే విసుక్కున్నా.

24 జూన్

వాచింది.

27 జూన్

మధ్యాహ్నం భారతి నా చొక్కాలు ముందేసుకుని కుట్లు వేస్తోంది.

"ఏవండీ, మీ చొక్కాలన్నీ కుడి చంక దగ్గరే పిగులుతాయేంటి? ఎడమ వైపు కొత్తదిలా ఉంటుంది."

"ఫైట్లు చేస్తాం కదే."

"ఇది ఇంట్లో వేసుకునేది."

 పడక్కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే తట్టింది. తట్టడమేమిటి, తెలిసిందే.

బాబుగారి భుజం. మద్రాసులో ఉన్న రోజుల్లో ఒక ఫైట్‌కి ముందు ఆయన ఊరికే కుడి భుజం పైకెత్తి, కాస్త ముందుకి తోసి, మెడ పక్కకి తిప్పారు. హాల్లో ఈలలు, కాగితాలు. ఇక అంతే, ప్రతి సినిమాలో అదే భుజం. ఊళ్లల్లో కుర్రాళ్లు బస్టాండుల్లో ఆ భుజమేసుకుని తిరిగారు. మరి వెనకనుంచి షాట్ అంటే నేనే కదా. మాస్టర్ అప్పుడే చెప్పాడు: "షాట్‌లో కొత్తగా ఎత్తితే ఎత్తినట్టు తెలిసిపోద్ది. నడిచేటప్పుడు, తినేటప్పుడు, ఎప్పుడూ అలాగే ఉంచు. నీ సొంతమైపోవాలి."

చెప్పిన మాట వినే రకాన్ని. ఉంచా. కూరగాయల బజార్లో ఉంచా, బావమరిది పెళ్లి ఫోటోలో ఉంచా, గుళ్లో దండం పెట్టుకుంటూ కూడా ఉంచా. జిమ్‌లో సరేసరి... పైకెత్తిన భుజంతోనే రాడ్ ఎత్తడం. మిగతావాళ్లు భుజం వంకర పెడితే యాదగిరి వీపు మీద ఒక్కటిస్తాడు. నన్ను మాత్రం ఏమీ అనలేదు ఎప్పుడూ. బాబుగారి భుజమాయె, దిద్దేదెవడు?

28 జూన్

మా జిమ్‌లో అందరూ ఛాతీ, చేతులు. అద్దం ముందుంది కాబట్టి. వెనక కండలు పెంచేవాడు లేడు. నేనూ అంతే. వీపు అమ్ముకుని బతికేవాణ్ణి, రోజూ ఛాతీ పెంచుకుంటూ కూర్చున్నా. ఎంత తెలివి!

4 జూలై, సోమవారం

ఎర్రగడ్డ వైపు ఒక నర్సింగ్ హోమ్. భారతి ఆటోలో కూలేసి తీసుకెళ్లింది. డాక్టరమ్మ కసరత్తులతో నయం చేస్తుందట. "కసరత్తుల వల్లే వచ్చిందండీ" అన్నా. నవ్వలేదు.

"ఏం చేస్తుంటారు?"

"సినిమాల్లో."

"ఏం వేషాలు?"

"వీపు."

అప్పుడు నవ్వింది.

చొక్కా విప్పించి గోడ వైపు తిప్పి నిలబెట్టింది.

"భుజాలు వదిలెయ్యండి."

"వదిలేశానండీ."

"ఎడమది వదిలారు. కుడిది పట్టుకునే ఉన్నారు."

"లేదండీ, అది మామూలే."

"దించండి."

"దించాను."

"ఇంకా."

ఇంకా ఏముంది దించడానికి?

రెండద్దాలు తెప్పించి ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టి చూపించింది. నా వీపు. ఇన్నేళ్లు దాని మీద బతికా, ఇలా నిలబెట్టి చూసుకోవడం ఇదే. తెర మీద చూసినప్పుడు బాబుగారినే చూశా, నన్ను కాదు. కుడివైపు మెడ పక్కన కండ గడ్డకట్టి ఉంది. రెక్క ఎముక పైకి పోయి ముందుకి ఒరిగింది. రెండు భుజాలూ ఒక మనిషివి కావు.  భారతి, "నేను చెప్తూనే ఉన్నా" అంది. ఎప్పుడు చెప్పిందో.

డాక్టరమ్మ అరచెయ్యి ఆ రెక్క మీద వేసి కిందకి, వెనక్కి నొక్కి పట్టుకుంది. "ఇప్పుడు చెయ్యెత్తండి." ఎత్తా. చెవి దాటింది. తల దాటింది! మూడు వారాల్లో మొదటిసారి. ఆవిడ చెయ్యి తీసేసింది. మళ్లీ ఎత్తా... చెవి దగ్గర ఆగిపోయింది.

"అర్థమైందా? భుజం అలా పైకి, ముందుకి ఉన్నంత కాలం చెయ్యి లేవడానికి లోపల చోటుండదు. మీరు దాని మీదే బరువులు కూడా ఎత్తారు. రాడ్ ఎత్తడం మానెయ్యండి. వెనక్కి లాగే కసరత్తులు చెప్తాను, అవి చెయ్యండి. ముఖ్యంగా ఆ నిలబడే తీరు, ఆ నడక... మర్చిపోవాలి."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"ఎన్నేళ్లుగా పట్టుకుని ఉన్నారు?"

చెప్పా. ఆవిడ కసరత్తుల చీటీ రాసిచ్చింది.

ఆటోలో భారతి, "మర్చిపొమ్మన్నారుగా, మర్చిపోండి" అంది.

"మర్చిపోతే తినేదేంటి?"

5 జూలై

మర్చిపోవాలట.

6 జూలై

పాత సైకిల్ ట్యూబు కిటికీ ఊచలకి కట్టా. రెండు కొసలూ పట్టుకుని వెనక్కి లాగడం, భుజం కిందకి దించుతూ లాగడం. ఎన్ని బరువులెత్తిన ఒళ్లు, రబ్బరు ట్యూబుకి వణుకుతోంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసి, "నాన్నా, కిటికీ ఊడొస్తుంది" అంది.

జిమ్‌లో యాదగిరికి చెప్పేశా, కొన్నాళ్లు రాడ్ ముట్టుకోనని. "మంచి పని జేసినవ్ అన్నా. జర ఆరాం చెయ్. ఫికర్ చెయ్యకు" అన్నాడు. వెంటనే అద్దం వైపు ఓరగా చూశాడు. కిషోర్ వింటున్నాడు.

10 జూలై

కాస్త దిగింది. భారతి అగ్గిపెట్టె నా మెడ పక్కన పెట్టి కొలిచింది. దిగింది అంది. నాకూ అనిపించింది. తల దువ్వుకున్నా, కుడి చేత్తో, నా అంతట నేనే! దువ్వుకోవడం కూడా సంతోషమే అని ఇన్నాళ్లకి తెలిసింది.

12 జూలై

ఆ సంతోషం కాస్తా గంగలో కలిసింది.

పాత సినిమాకి మిగిలిపోయిన ముక్కలు తీస్తున్నారు. బాబుగారు మంటల్లోంచి నడుచుకుంటూ వెళ్లిపోయే షాట్, వెనకనుంచి. నడిచా. కట్. మాస్టర్ మొహం చిట్లించాడు.

"ఏంట్రా, పెళ్లిచూపులకి వెళ్తున్నట్టు నడుస్తున్నావ్?"

మళ్లీ నడిచా. కట్. అసిస్టెంట్ డైరెక్టర్ దూరం నుంచి కేకేశాడు, "భుజం, సూరిబాబు గారూ! భుజం!"

ఎత్తా. నొప్పి కళ్లల్లోకి వచ్చింది. నడిచా. "అదీ!" అన్నారంతా. చప్పట్లు కూడా కొట్టారెవరో. ఎండలో మంటల మధ్య మళ్లీ మళ్లీ తీశారు, పొగ సరిపోలేదని ఒకసారి, పిట్ట అడ్డమొచ్చిందని ఒకసారి. పొద్దుగూకేసరికి భుజం ఎక్కిన చోటే కూర్చుంది.

భారతి అగ్గిపెట్టె తియ్యలేదు. నా మొహం చూసి మజ్జిగ ఇచ్చింది.

13 జూలై

ఇంట్లో దించడం, సెట్లో ఎత్తడం. ఇదీ నా పథకం. డాక్టరమ్మకి తెలిస్తే తంతుంది.

15 జూలై

కిషోర్ అద్దం ముందు ఒంటరిగా ఉన్నాడు. నన్ను చూడలేదు. కుడి భుజం పైకెత్తాడు, కాస్త ముందుకి తోశాడు, మెడ తిప్పాడు. సరిగ్గా రాలేదు. దించి మళ్లీ ఎత్తాడు. వాడికి నేర్పినవాడు ఎవడూ లేడు, నన్ను చూసి నేర్చుకున్నాడు.

మండిపోయింది నాకు. నేనింకా బతికే ఉన్నా కదరా! తర్వాత ఆ కోపం కూడా నిలబడలేదు. నున్నటి భుజం, ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. దాన్ని అక్కడ కట్టేసుకుంటున్నాడు.

"కిషోర్, అది వద్దు. రోజూ పెట్టకు. పట్టేస్తుంది" అన్నా.

వాడు సిగ్గుపడ్డాడు ముందు. తర్వాత నవ్వాడు. "అన్నా, భయపడుతున్నావా? నీ పనికి నేను రాను. నువ్వు మానేస్తేనే వస్తా."

మంచివాడే. అందుకే ఇంకా ఒళ్లు మండింది. అవును, భయపడుతున్నా. అయినా చెప్పింది నిజమే కదా. రెండూ నిజమైతే వాడు ఏది నమ్ముతాడు?

21 జూలై

ఈ రోజు ఒకటి చూశా.

బాబుగారు షాట్‌కీ షాట్‌కీ మధ్య గొడుగు కింద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. ప్లేటు ఒళ్లో పెట్టుకుని, రెండు భుజాలూ సమానంగా, హాయిగా వదిలేసి. ఎవరింట్లోనో మామూలు మనిషి టిఫిన్ చేస్తున్నట్టు. ఎన్నేళ్లుగా ఆయన వెనకే తిరిగా, ఇది కనబడలేదేంటి నాకు! ఆయన "యాక్షన్" అంటే ఎత్తుతారు, "కట్" అంటే దించేస్తారు. అంతే. ఆయనకది వేషం. నాకు మాత్రం కట్ చెప్పినవాళ్లు లేరు.

నేను చూడ్డం చూశారు. "ఏం సూరీ, తిన్నావా?"

"తిన్నానండి."

"ఈ మధ్య నాకన్నా నువ్వే భుజం బాగా పెడుతున్నావయ్యా. తీసిన ముక్కలు రషెస్‌లో చూసి అనుకున్నాను." మనసారా అన్నారు. చేతిలో చట్నీ గిన్నె లేకపోతే భుజం తట్టేవారు కూడా. కుడిది తట్టకపోవడమే మంచిదైంది.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశా. రాలేదు. ఎత్తమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు నాకు.

25 జూలై

వాన. రాళ్ల మీంచి ఎర్రనీళ్లు. ట్యూబు లాగలేదు. ఒంట్లో ఓపిక లేదు, మనసులో అంతకన్నా లేదు.

29 జూలై

రిహార్సల్. మనిషి బదులు ఇసుక బస్తా. గుండె దాకా లేచింది, గడ్డం దాకా లేచింది, చెవి దగ్గర... నా ఎడమ చెయ్యి పైకి పోయింది, కుడిది రానంది. బస్తా ఒరిగి మాస్టర్ కాళ్ల దగ్గర పడింది.

అందరూ చూశారు. ఇక దాచేదేం లేదు.

మాస్టర్ అరవలేదు. అరిస్తే బావుండేది. పక్కన కూర్చోబెట్టి, "సూరీ, చేస్తావా, చెయ్యవా? ఇప్పుడే చెప్పెయ్. నేనేం అనుకోను. కిషోర్‌కి చెప్పుకుంటా" అన్నాడు.

"చేస్తాను మాస్టారూ. ఇంకా టైముంది కదా."

"భుజం ఒక్కసారి పోతే..."

"తెలుసు మాస్టారూ."

నాకన్నా ముందే ఆయన తల తిప్పుకున్నాడు. మద్రాసులో ఒకే గదిలో ఒకే చాప మీద పడుకున్నవాళ్లం. ఆయనా అలిసిపోయాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి గానీ లేవలేకపోతున్నాడు.

1 ఆగస్టు

ట్యూబు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. కిటికీ ఊచ ఒకటి వంగింది. ఇంటి ఓనరు చూడకుండా భారతి కర్టెన్ కట్టింది.

8 ఆగస్టు, సోమవారం

కొత్త సినిమా షూటింగ్ మొదలు. మొదటి రోజే వింత.

బాబుగారు నడుచుకుంటూ రావాలి. వచ్చారు. భుజం ఎత్తారు. లైట్ బాయ్‌లు ఈల వేశారు. కళ్లజోడు దర్శకుడు "కట్" అన్నాడు. కాసేపు ఆలోచించి, నెమ్మదిగా, "సార్, ఆ భుజం ఇందులో వద్దండి. జనం చాలాసార్లు చూసేశారు. మామూలు మనిషిలా నడిస్తే చాలు" అన్నాడు.

సెట్ అంతా బిగుసుకుపోయింది. కుర్రాడి పని అయిపోయిందనుకున్నాం.

బాబుగారు నవ్వారు. "నిజమే. నాకూ బోరు కొట్టింది" అన్నారు. వెనక్కెళ్లి మళ్లీ నడుచుకుంటూ వచ్చారు. భుజం లేదు. మామూలు మనిషి. అయిపోయింది. టీ వచ్చింది.

టీ చల్లారకముందే పోయింది, ఇన్నేళ్ల భుజం!

మాస్టర్ నా వైపు తిరిగి, "విన్నావుగా. నువ్వూ మానెయ్" అన్నాడు.

"సరే మాస్టారూ."

నా సంతోషం ఎవరికి చెప్పను? డాక్టరమ్మ ఏది మర్చిపొమ్మందో ఇప్పుడు సినిమా వాళ్లూ అదే మర్చిపొమ్మన్నారు. ఇక ఎత్తక్కర్లేదు. ఎప్పటికీ. ఇంటికి నడిచి కాదు, దాదాపు పరిగెత్తి వచ్చా. భారతి విని ముందు నమ్మలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని సేమియా పాయసం చేసింది. అమ్మాయి కారణం కూడా అడక్కుండా రెండు గిన్నెలు తాగింది.

10 ఆగస్టు

పొద్దున్నే బలం వచ్చినట్టుంది. ట్యూబు లాగుతుంటే నాకు నేనే చెప్పుకున్నా, దిగు, ఇక నీకు సెలవు.

11 ఆగస్టు

రాయాలని లేదు. రాస్తున్నా.

మనిషిని పైకెత్తే లిఫ్ట్ షాట్‌కి ముందు బాబుగారు అవతలి గుంపులోకి నడిచి వెళ్లే షాట్, వెనకనుంచి, నాది. ఆయన చొక్కా లాంటిదే తొడుక్కుని నడిచా. కట్.

"సూరీ, భుజం దించు" అన్నాడు మాస్టర్.

"దించానండి."

"ఇంకా."

అదే మాట. ఎర్రగడ్డలో డాక్టరమ్మ అన్న మాట. 

మళ్లీ నడిచా. కట్. దర్శకుడు లేచి వచ్చాడు. మర్యాదస్తుడు. "ఆ పాత మేనరిజం వద్దనుకున్నాం కదండీ" అన్నాడు. ఆయనకి నేను మొండికేస్తున్నట్టుంది. ఏం చెప్పను? ఇది మేనరిజం కాదు బాబూ, ఇది నేను నిలబడడం, అని చెప్పనా? "సరిచేస్తానండి" అన్నా.

మళ్లీ. కట్. మళ్లీ. కట్.

కిషోర్ గుంపులో దెబ్బలు తినేవాళ్లల్లో ఉన్నాడు. మాస్టర్ వాడి వైపు చూశాడు, వాడు నా వైపు చూశాడు. "ఒకసారి నడువు" అన్నాడు మాస్టర్. వాడు నడిచాడు. తిన్నగా, తేలిగ్గా. వాడూ నెల్లాళ్లు అద్దం ముందు ఎత్తాడు ఆ భుజం. వాడిది దిగింది.

కెమెరామాన్ బొటనవేలు చూపించాడు. ఆ ముక్క వాడితోనే తీసేశారు.

బాబుగారు వచ్చి, "ఏంటి సూరీ, వదిలెయ్యవయ్యా, నేనే వదిలేశా" అన్నారు, నవ్వుతూ, ప్రేమగా. తెర వెనక్కెళ్లి ఏడ్చేశా. ముప్పై తొమ్మిదేళ్లవాణ్ణి, చొక్కా నోట్లో కుక్కుకుని.

ప్యాకప్ అయ్యాక మాస్టర్ నా పక్కన నిలబడ్డాడు. "లిఫ్ట్ రేపు పెట్టా. అది ఎవరికీ ఇవ్వలేదు. రేపటికి దించుకునిరా." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "తప్పు నాదేరా. తినేటప్పుడు కూడా దించొద్దన్నది నేనే" అన్నాడు.

నీదీ కాదు మాస్టారూ. ఎవరిదీ కాదు. అదే పెద్ద చిక్కు.

12 ఆగస్టు, పొద్దున

యాదగిరి తెల్లవారగానే ఇంటికొచ్చాడు. మాస్టర్ చెప్పాడట. చేతిలో రాడ్, ప్లేట్లు లేకుండా ఉత్తది. "తల మీదికి ఎత్తి చూపియ్ అన్నా. నేను చూస్త."

ఎత్తా. చెవి దగ్గర ఆగింది.

భారతి వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నా వెనక నిలబడి, డాక్టరమ్మ పెట్టిన చోటే అరచెయ్యి పెట్టి, రెక్క ఎముకని కిందకి, వెనక్కి నొక్కి పట్టుకుంది. అప్పుడు చూసి గుర్తుపెట్టుకున్నట్టుంది. "ఎత్తండి" అంది.

లేచింది. తల దాటి, చేతులు రెండూ తిన్నగా, రాడ్ పైకప్పుకి తగిలేటంతగా లేచింది.

"శబాష్!" అన్నాడు యాదగిరి. తర్వాత మొహం దించేసుకుని, "గా చెయ్యి షాట్ల ఉండదు గదా వదినా" అన్నాడు.

భారతి చెయ్యి తియ్యలేదు. రాడ్ యాదగిరికిచ్చి, చెయ్యి దించి బల్ల దగ్గర కూర్చున్నా. ఆవిడా నాతో వచ్చింది. ఇది రాస్తున్నంతసేపూ వెనకే నిలబడి నొక్కి పట్టుకునే ఉంది.

"చదవకు" అన్నా.

"మీ రాత నాకెందుకు? కదలకండి."

భుజం దిగి ఉంది. మెడ పక్కన ఖాళీగా, చల్లగా ఉంది. చెయ్యి తీస్తే ఎంతసేపు ఉంటుంది? వ్యాన్ ఎక్కేదాకానా? సెట్ దాకానా? మనిషిని గడ్డం దాటించేదాకానా? యాదగిరి గుమ్మంలో నిలబడి వీధి చూస్తున్నాడు.

"వ్యాన్ వచ్చిందన్నా."

హారన్. మళ్లీ హారన్.

చెయ్యి తియ్యమని చెప్పాలి. ఆవిడ తియ్యడం లేదు, నేను చెప్పడం లేదు...